చీరలొక వరస, చుట్టాలొక వరస

నేను ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది చెడిపోయిన కాగితాల మీద. జగిత్యాలలో మాదొక జిరాక్స్ సెంటర్. కాలేజీ పిల్లలు నోట్సు తెచ్చి కాపీలు తీయించుకుంటారు. టోనర్ అలిగితే కొన్ని పేజీలు సగం తెల్లగా వస్తాయి, డ్రమ్ముకు కోపమొస్తే కొన్ని సగం నల్లగా వస్తాయి. పారేయడానికి మనసొప్పక వాటిని ఒక అట్టపెట్టెలో వేసేవాణ్ని. గిరాకీ లేని మధ్యాహ్నాలు తీసి చదివేవాణ్ని. మా తాత తాటిచెట్టు ఎక్కేవాడు. మా బాపు కొన్నాళ్లు ఈతచెట్లు ఎక్కాడు. నేను స్టూలెక్కి టోనర్ మారుస్తాను. తరానికింత కిందికి దిగుతూ వచ్చిన వంశం కనుక, చదువులోనైనా పైకెక్కుదామని నాకొక ఆశ ఉండేది.

లిస్టు అంటే ఏమిటో ఆ పెట్టెలోనే దొరికింది. లిస్టును అక్షర క్రమంలో పేర్చే 'సార్ట్' అన్న మాటా అక్కడే దొరికింది. ఫంక్షన్ల పాఠం మాత్రం దొరకలేదు. ఆ పాఠం ఎవరు తెచ్చినా, ఎన్ని కాపీలు తీసినా శుభ్రంగా వచ్చేది. మిషను మంచిగా పనిచేసిన చోటల్లా నా చదువు కుంటుపడింది. అందువల్ల నాకు తెలిసిన ఫంక్షన్లు పెళ్లి, పురుడు, గృహప్రవేశం వరకే.

నా చదువుకు మొదటి పరీక్ష గృహప్రవేశం రూపంలోనే వచ్చింది.

మా అక్కను కోరుట్లలో ఇచ్చాం. బావ మస్కట్‌లో పని చేస్తాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఒక్కో గది లేపి, ఆఖరికి ఇల్లు పూర్తి చేశాడు. మా వైపు ఆడపిల్ల కొత్తింట్లో అడుగుపెట్టేనాడు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. బియ్యం, పసుపు, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, వక్కలు, రవికె గుడ్డ అన్నీ కలిపి ఆమె కొంగులో పోసి ముడి వేయడమన్నమాట. దానితో పాటు ఆమె అత్తింటి ఆడవాళ్లకు చీరలు పెట్టాలి. అవి ఆనాడే ఇస్తే కుదరదు. ముందే ఇంటింటికీ వెళ్లి, బొట్టు పెట్టి, పిలుపుతో పాటు చీర ఇచ్చి రావాలి. జాకెట్ కుట్టించుకోవడానికి వాళ్లకు టైం కావాలి కదా. తీసుకున్నవాళ్లు పెట్టినవాళ్ల ముందు విప్పి చూడరు. చూస్తే మర్యాద కాదు. ఆ మర్యాద నన్ను ఎక్కడిదాకా తీసుకెళ్లిందో ముందు ముందు తెలుస్తుంది.

అసలు సంగతి బావ వాళ్ల అక్క. అంటే మా అక్కకు ఆడబిడ్డ. కథలాపూర్‌లో ఉంటుంది. నాకూ వదినె వరసే. కొత్తింట్లో పొయ్యి వెలిగించి పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ. మా అక్కకు ఉన్నది ఒక్కతే ఆడబిడ్డ, ఆమె మా అక్క గడప తొక్కక ఆరేళ్లు. అంతకుముందు ఒడిబియ్యం పోసినప్పుడు ఆమెకు పెట్టిన చీర, తోటికోడలికి పెట్టిన చీర కంటే ఒక మెట్టు కిందిదట. ఆమె ఆ చీరను అక్క ఇంటికి తెచ్చి కుర్చీ మీద పెట్టి, కుర్చీని సర్ది, వెళ్లిపోయింది.

అక్క ఫోన్ చేసి చెప్పింది.

"తమ్మీ, గోడలు లేచినయి, రంగులైనయి. వదినె అచ్చి పాలు పొంగిస్తె ఇల్లయినట్టు. లేకుంటె సిమెంటు, గంతే."

"అస్తది తియ్యే."

"పోయినతాప చీరలు అవ్వ తెచ్చె. పాపం అవ్వకు కండ్లు సరిగ కనవడకపోయేది. గీతాప నువ్వు తెస్తున్నవ్."

"నాకు కంప్యూటర్ ఉన్నదే."

"గదే నా భయం," అన్నది అక్క.

అక్క దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒక్క ఫోన్లో ఒక్క సంగతే చెప్తుంది. రెండోది గుర్తొచ్చేలోపు పాలవాడో, మేస్త్రీయో వస్తారు. మొదటి ఫోన్లో ఎవరెవరికి పెట్టాలో చెప్పింది. వాళ్ల అత్తమ్మ, వదినె, చిన్నత్త, తోటికోడలు. రెండో ఫోన్లో ఊర్లు చెప్పింది. అత్తమ్మ కోరుట్లలోనే, వదినెది కథలాపూర్, చిన్నత్తది ముత్యంపేట, తోటికోడలిది బుగ్గారం. మూడో ఫోన్లో అదే వరసన చీరలు చెప్పింది. అత్తమ్మకు జరీ అంచు చీర. వదినెకు పట్టు చీర, మెరూన్ రంగు, ఆకుపచ్చ అంచు. చిన్నత్తకు నేత చీర, తెల్లటి దాని మీద చిన్న పూలు. తోటికోడలికి ఫ్యాన్సీ చీర. చిన్నత్త అంటే అత్తమ్మ చెల్లెలు, పెద్దావిడ. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన భర్త పోయాక ఆమెకు అందరూ పెట్టేది నేత చీరే. ఎవరూ ఆలోచించి పెట్టేది కాదు, అలవాటు మీద పెట్టేది.

మూడు ఫోన్లొచ్చాయి కనుక నేను మూడు లిస్టులు రాశాను. మనుషులు ఒకటి, ఊర్లు ఒకటి, చీరలు ఒకటి. మూడింటినీ తెర మీద ఒకదాని కింద ఒకటి పెట్టుకుంటే ముద్దొచ్చాయి.

"నాలుగు చీరలకు గింత మిషనా? నా ఏళ్ల మీద లెక్కవెడ్త," అన్నది మా ఆవిడ.

"నాలుగుతోటి నేర్చుకుంటె రేపు నాలుగు వందలకు పనికొస్తది."

"నాలుగు వందల మందికి చీరలు పెట్టే యోగం నాకద్దు," అని ఆమె లోపలికి వెళ్లింది.

ప్రోగ్రాం పని సులువు. ప్రతి లిస్టులోంచి మొదటి దాన్ని తీసి ఒక స్టిక్కరు, రెండోదాన్ని తీసి ఒక స్టిక్కరు, అట్లా నాలుగు అచ్చు వేయాలి. వేసింది. అక్కడితో ఆగితే నేను ఇప్పటికీ మర్యాదస్తుడిగా మిగిలేవాణ్ని. కానీ సార్ట్ అనే మాట నేర్చుకుని ఎక్కడా వాడకపోవడం నాకు వెలితిగా ఉండేది. సిరిసిల్ల షాపు ఆయన చేతికి వెళ్లే కాగితం క్రమంగా కనబడితే బాగుంటుందనిపించింది. చీరల లిస్టును సార్ట్ చేశాను. చీరల లిస్టును ఒక్కదాన్నే.

జరీ, నేత, పట్టు, ఫ్యాన్సీ. అక్షరాలన్నీ చెప్పినట్టు వచ్చి నిలబడ్డాయి. నాకు బడిలో పిల్లల్ని వరసలో నిలబెట్టిన సారు లాగా అనిపించింది.

స్టిక్కర్లు మళ్లీ అచ్చు వేసి సరి చూశాను. వరసలు సరిగ్గా ఉన్నాయి, ఊర్లు సరిగ్గా ఉన్నాయి. చీరల సంగతి నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా అప్పుడు తెలియదు.

సిరిసిల్ల వెళ్లాను. షాపు వెనకాలే బట్టలు నేసే సాంచాలు నడుస్తుంటాయి. ఆ చప్పుడులో బేరం చెవిటివాళ్ల ముచ్చటలా సాగుతుంది. షాపాయన స్టిక్కర్లు చూసి మెచ్చుకున్నాడు.

"గిట్ల రాసుకచ్చినోళ్లను నేను చూడలేదన్నా. ప్యాకు చేసి టేపు గూడ ఏపిస్త. మీరు చెయ్యి పెట్టే పనే లేదు."

నేను చెయ్యి పెట్టలేదు.

నేనూ మా ఆవిడా ఆటో మాట్లాడుకుని ఊర్లు తిరిగాం. బుగ్గారం అయింది, కోరుట్ల అయింది, ముత్యంపేట అయింది. దారిలో మా ఆవిడ ఒక ప్యాకెట్టు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఒక్కసారి ఇప్పి చూద్దమా?"

"టేపు పోతది. కంప్యూటర్ చేసింది, ఇంక చూసుడేంది?"

ఆఖరికి కథలాపూర్. వదినె బొట్టు పెట్టించుకున్నది. ప్యాకెట్టు రెండు చేతులతో తీసుకుని, విప్పకుండా లోపల పెట్టి వచ్చింది. మాకు చాయ్ ఇచ్చింది. బయటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను.

"చాయ్ ఇచ్చింది."

"చక్కెర ఏసిందా?"

"మంచిగనే ఏసింది."

"ఇగ అస్తది," అన్నది అక్క. ఆ గొంతులో అంత నమ్మకం నేను ఆరేళ్లుగా వినలేదు.

నాలుగైదు రోజులకు అక్క మళ్లీ ఫోన్ చేసింది.

"ముత్యంపేట చిన్నత్త ఫోన్ చేసింది తమ్మీ."

"మంచిగున్నదా?"

"శాన మంచిగున్నది. ఏడ్చింది."

"మంచిగుంటె ఎందుకేడ్చింది?"

"ఇన్నేండ్లకు నాకు పట్టు చీర పెట్టినవా బిడ్డా అని. జాకెట్ గుడ్డ కత్తిరిచ్చి టైలర్‌కు ఇచ్చిందట." తర్వాత అడిగింది. "చిన్నత్తకు పట్టు చీర పెట్టుమన్నదెవలు?"

"నువ్వే."

"నేను చెప్పింది నేత చీర."

ఫోన్లో అక్క ఇంటి మేస్త్రీ దేన్నో సుత్తితో కొడుతున్నాడు.

"మరి నేత చీర యాడికి పోయిందిరా?"

ఎక్కడికి పోయి ఉంటుందో ఇద్దరికీ తెలుసు. వదినెకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మరొకసారి చేస్తే కట్ చేసింది. ఎత్తకపోవడం వేరు, కట్ చేయడం వేరు. మిగతా ఇద్దరినీ అడిగితే అత్తమ్మకు జరీ అంచుదే చేరింది, తోటికోడలికి ఫ్యాన్సీదే చేరింది. నాలుగింటిలో రెండు సరిగ్గా పోయాయి. తారుమారైన ఆ రెండింటిలో ఒకటి వదినెది.

"అందరియి తప్పు పోతె పొరపాటు అనుకుంటరు," అన్నది అక్క. "గిట్ల ఏరి పెట్టినట్టు తప్పు పోతె కావాలని చేసినట్టే ఉంటది."

చిన్నత్త దగ్గర్నుంచి పట్టు చీర తిరిగి తీసుకోవడం కుదరదు. జాకెట్ కత్తిరించాక చీర ఆమెది. సిరిసిల్ల షాపాయనకు ఫోన్ చేస్తే సాంచాల చప్పుడు మీదుగా చెప్పాడు. "గా రంగుది గదొక్కటే ఉండెనన్నా. ఇంకోటి రావాలంటె మీ ఫంక్షన్ అయినంకనే." వేరే రంగుది కొని పంపుదామంటే అక్క ఒప్పుకోలేదు. చీర మీద చీర పంపితే మొదటిది కావాలనే పంపినట్టు రుజువవుతుందట.

ఆ ఆదివారం మా బిడ్డ హాస్టల్ నుంచి వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతున్నది. షాపులో స్టూలు లాక్కుని నా ప్రోగ్రాం చూసింది. డాక్టర్లు ఎక్స్‌రే చూసినట్టు చూసింది.

"బాపూ, మూడు లిస్టులేంది?"

"మూడు ఫోన్లు అచ్చినయి బిడ్డా."

"ఒక్కదాన్నే సార్ట్ చేసినవ్."

"అవు."

"మరి పక్క లిస్టుకు ఎట్ల తెలుస్తది?"

"పక్కపక్కనే ఉన్నయి గదా."

నేను హాస్యానికి అనలేదు. మా గల్లీలో ఒకరింట్లో గిన్నె కింద పడితే పక్కింట్లో ఏ గిన్నో చెప్తారు. పక్కనున్నవాళ్లకు తెలియకుండా ఏదైనా జరుగుతుందన్నది నా అనుభవంలో లేదు. కంప్యూటర్లో లిస్టులు అట్లా ఉండవట. పక్కపక్కనే ఉండి, ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా ఉండగలవట. నాకు ఎందుకో అక్కా వదినే గుర్తొచ్చారు.

"రెండో మనిషికి రెండో ఊరు, రెండో చీర అని నువ్వు అనుకున్నవ్," అన్నది బిడ్డ. "గది నీ మనసులనే ఉన్నది. ప్రోగ్రాంల యాడ రాసినవ్?"

రాయలేదు. సంబంధం ఉన్నవాటిని సంబంధం ఉన్నట్టు రాయాలని ఆ చెడిపోయిన కాగితాల్లో లేదు. అది ఫంక్షన్ల పాఠంలో ఉందట.

ఆమె ఒక పాడైన పేజీ వెనకవైపు రాసి చూపించింది. ముందు ఒక చిన్న ఫంక్షన్. దానికి వరస, ఊరు, చీర అని మూడు ముక్కలు ఇస్తే, మూడింటినీ కలిపి ఒక్క మూట కట్టి మన చేతికి ఇస్తుంది. దాని పని అంతే, ఇంకే ఉపకారమూ చేయదు. రెండోది ఇంకా చిన్నది. మూట ఇస్తే అందులో చీర ఏదో చెప్తుంది. మూడోది మూట ఇస్తే ఊరు చెప్తుంది. నాలుగోది మూట ఇస్తే స్టిక్కరు అచ్చు వేస్తుంది. ఆ నాలుగోది కూడా లోపలికి చెయ్యి పెట్టి వెతకదు. రెండోదాన్నీ మూడోదాన్నీ అడిగి తెలుసుకుంటుంది.

"గింత చిన్నయి ఎందుకే? ఒక్కటే పెద్దది రాస్తె అయిపోతది గదా," అన్నాను.

"రేపు మూటల జాకెట్ కొలత గూడ పెడుదమనుకో. మూట కట్టే దాన్ని మారుస్తవ్, కొలత చెప్పేదాన్ని ఒక్కటి కలుపుతవ్. మిగిలినయి వాటి పని అవి చేసుకుంటయి. మూటల ఏది ముందున్నదో ఏది ఎనకున్నదో వాటికి తెల్వనే తెల్వదు."

"సార్ట్?"

"చేస్కో. చీర చూసి పేర్చుమను. చీర జరిగితె మూట జరుగుతది. మూట జరిగితె మనిషి జరుగుతది. చీర ఒక్కటే లేచి పోదు."

మా ఆవిడ లోపల్నుంచి టిఫిన్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆమె కొంతసేపటి నుంచి వింటున్నదని అప్పుడు తెలిసింది.

"ఒడిబియ్యం గదా," అన్నది. "బియ్యం ఒకరి కొంగుల, పసుపు ఇంకొకరి కొంగుల, కుడుకలు మరొకరి కొంగుల పోస్తమా? ఒక్క కొంగుల పోసి ముడి ఏస్తం. గింత దానికి నలభై పేజీలు చదివినవా?"

నలభై కంటే ఎక్కువే చదివాను. కానీ ఆ సమయంలో సరిదిద్దడం మంచిది కాదనిపించింది.

కొత్త ప్రోగ్రాం రాసి నడిపిస్తే నాలుగు స్టిక్కర్లూ సరిగ్గా వచ్చాయి. వదినె, కథలాపూర్, పట్టు చీర. ఏ వరసన పేర్చినా అట్లాగే వచ్చింది. స్టిక్కరు ఉంది, చీర లేదు.

"పోయి చెప్పు బాపూ," అన్నది బిడ్డ. "నేను గూడ అస్త."

"ఏం చెప్పాలె?"

"గిదే. పాతదొకటి, కొత్తదొకటి ప్రింటు తీసుకో."

మేం కథలాపూర్ వెళ్లేసరికి వదినె వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నది. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఎండల వడి అచ్చినవా బిడ్డా," అన్నది మా బిడ్డతో. "లోపటికి పోయి నీళ్లు తాగిరా."

నీళ్లు ఒక్కరికేనా ఇద్దరికీనా అని నేను అడగలేదు. గడప పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"చీర మంచిగున్నది మరిదీ," అన్నది ఆమె, తునికాకు చుడుతూ. "సల్లగుంటది. ముసలోళ్లకు మంచిగుంటది."

"వదినే, గది నీది కాదు."

"నాకు తెల్వదా?"

"నీది పట్టు చీర."

"యాడున్నది మరి?"

"ముత్యంపేట చిన్నత్త దగ్గరకి పోయింది. జాకెట్ గూడ కత్తిరిచ్చుకున్నది."

ఆమె చేతులు ఆగాయి. "మా చిన్నమ్మనా?"

"అవు. ఫోన్ చేసి ఏడ్చిందట."

వదినె బీడీ చివర మడిచి, దారం చుట్టి, చేటలో పెట్టింది. "మా చిన్నమ్మ పట్టు చీర కట్టంగ నేను చూసి ఎన్నేండ్లాయె," అన్నది. నాతో అన్నట్టు లేదు.

మొత్తం చెప్పాను. మూడు ఫోన్లు, మూడు లిస్టులు, ఒక్కదాన్నే సార్ట్ చేయడం. పాత కాగితం చూపించాను, కొత్త కాగితం చూపించాను. మా బిడ్డ నీళ్ల చెంబుతో వచ్చి, నేను తప్పు చెప్పిన చోటల్లా సరిచేసింది. వదినె కాగితాలు పట్టుకోలేదు కానీ వంగి చూసింది.

"అయితె తప్పు కంప్యూటర్‌దా?"

"నాదే వదినే. అది చెప్పింది చేసింది."

"మా తమ్ముని పెండ్లానిది కాదా?"

"కాదు. ఆమె నీకు పట్టు చీరే చెప్పింది. మెరూన్ రంగు, ఆకుపచ్చ అంచు."

"రంగు గూడ చెప్పిందా?"

"పచ్చంచంటె వదినెకు పానం అన్నది."

ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకున్నది. అందులో రంగు రాసి లేదు. వరస, ఊరు, చీర అంతే. అయినా ఆమె కాసేపు చూసింది.

"గది యాదికున్నదా ఆమెకు," అన్నది.

తర్వాత కొంచెం విసుగ్గా అన్నది. "పోయినతాపది ఒకటి మనసుల ఉండె. గీ చీర అచ్చినంక దీన్ని గూడ దాంట్లనే కలుపుకున్న. ఇప్పుడు ఇది నీ తప్పు అంటున్నవ్. ఇది తీసేస్తె అది గూడ ఊడి అస్తున్నది. గిట్ల ఎట్ల చేస్తరు మీరు?"

నేను మా బిడ్డ వైపు చూశాను. అది ఆమె సిలబస్‌లో లేదు.

"ఇంకో పట్టు చీర తెప్పిస్త వదినే. జర టైం పడతది."

"అద్దు. మా చిన్నమ్మది ఆమెకే ఉండనియ్యి. నేను గిదే కట్టుకొని అస్త. పాలు పొంగిస్త." చేట పక్కన పెట్టి, నా వైపు తిరిగి కూర్చున్నది. "ఒక్క ముచ్చట. ఆడబిడ్డకు గీ నేత చీరేంది అని అచ్చినోళ్లందరు అడుగుతరు. నేను చెప్ప. నీ అక్క చెప్పొద్దు. నువ్వు పొయ్యికాడ నిలవడి చెప్పాలె. అడిగిన ప్రతి మనిషికి చెప్పాలె. పురాగ చెప్పాలె, నాకు చెప్పినట్టు."

"అందరికా?"

"అందరికి. నువ్వు చెప్పుడు ఆపుతె నేను పొయ్యి బందు చేస్త."

మాకు చాయ్ ఇచ్చింది. నా గ్లాసులో చక్కెర లేదు. మా బిడ్డ గ్లాసులో ఉంది.

గృహప్రవేశం నాడు కోరుట్లలో కొత్తింటి వంటగదిలో పొయ్యికి ఎడమవైపు నేను నిలబడ్డాను. కుడివైపు వదినె, తెల్లటి నేత చీరలో. చిన్నత్త మెరూన్ పట్టు చీర కట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చున్నది. వచ్చిన ప్రతివాళ్లకూ ఆ పచ్చంచు తాకి చూడమని కొంగు అందిస్తున్నది. అక్క ఇద్దరి మధ్యా తిరుగుతున్నది, కానీ వంటగదిలోకి వచ్చినప్పుడల్లా నా వైపు కాకుండా పాలగిన్నె వైపు చూస్తున్నది.

మొదట అడిగింది అక్క తోటికోడలు. నేను చెప్పాను. మధ్యలో తడబడ్డాను. రెండోసారి బావ వాళ్ల మేనమామకు చెప్పాను. ఈసారి నయం. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"ఫంక్షన్ రాస్తె సరిపోయేదంటున్నవ్."

"అవు మామా."

"మరి గీ ఫంక్షన్‌కు గా ఫంక్షన్ రాయలేదా?"

"రాయలేదు మామా."

"కార్డు గూడ కొట్టియ్యలేదా?" అన్నాడు. గృహప్రవేశం కార్డు గురించి అడుగుతున్నాడని అర్థమైంది. వదినె ముఖం పక్కకు తిప్పుకున్నది. ఆమె భుజాలు కదిలాయి.

మూడోసారికల్లా నాకు ఒక పద్ధతి వచ్చింది. ముందు చీర చూపించాలి, తర్వాత హాల్లోని చీర చూపించాలి, ఆ తర్వాత మూట సంగతి చెప్పాలి. అదే మాటలు, మనిషి ఒక్కరే మారుతున్నారు. మా బిడ్డ తలుపు దగ్గర నిలబడి, "గిది గూడ ఫంక్షనే బాపూ, ఎవలు అచ్చినా గదే చెప్తున్నవ్," అన్నది. నా చదువులో మిగిలిపోయిన పాఠం ఆ పొయ్యి పక్కనే పూర్తయింది. నేర్పినవాళ్లెవరూ ఫీజు అడగలేదు. నవ్వి వెళ్లారు.

పాలు గిన్నె అంచుదాకా వచ్చాయి. వదినె గరిటె పక్కన పెట్టి, "ఏమే, ఇట్ల రా," అని అక్కను పిలిచింది. ఆరేళ్ల తర్వాత ఆమె అక్కతో అన్న మొదటి మాట అది. అక్క వచ్చి పక్కన నిలబడింది. పాలు తూర్పు వైపు పొంగాయి. ఇద్దరూ ఒకేసారి పొయ్యి తగ్గించబోయి చేతులు తగిలించుకున్నారు.

ఆ తర్వాత నేనూ మా ఆవిడా అక్కకు ఒడిబియ్యం పోశాం. బియ్యం, పసుపు, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికె గుడ్డ. మా ఆవిడ కొంగు ముడి వేస్తూ నా వైపు చూసింది. అనాల్సింది ఆదివారమే అన్నది.

నేను కాగితం తీసి వదినె దగ్గరికి వెళ్లాను.

"వదినే, నీ మూటల పట్టు చీర అనే ఉన్నది. ఏమని మార్చాలె?"

"ఈతాపకు నేత చీర అని రాసుకో. పెట్టింది గదే గదా." కాసేపు ఆలోచించింది. "రంగు గూడ ఒకటి పెట్టుకో మూటల. పచ్చంచు అని. మళ్లతాపకు పనికొస్తది."

అక్క పక్కనే ఉండి విన్నది. వినలేదన్నట్టు పాలలో చక్కెర వేసింది. చాలా వేసింది.

అప్పుడే బుగ్గారం వైపు వాళ్లు ఆటో దిగి లోపలికి వచ్చారు. వాళ్లలో ఒకావిడ హాల్లో చిన్నత్త చీర చూసి, వంటగదిలోకి వచ్చి వదినె చీర చూసి, నోరు తెరిచింది. వదినె ఆమె అడిగేదాకా ఆగలేదు. గరిటెతో నన్ను చూపించింది.

"గాయన్ను అడుగు, గాయన చెప్తడు. పురాగ విను."

అక్క నవ్వు ఆపుకోలేక వదినె భుజం మీద తల పెట్టింది. నేను రెండడుగులు ముందుకు వచ్చి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ముందుగాల ఏమైందంటె అత్తా, మా అక్క దగ్గరికెల్లి మూడు ఫోన్లు అచ్చినయి."